అత్తమ్మ రూపాయల పేరుకు మార్కులెవరు వేయాలి?

దశదిన కర్మ అయిపోయి చుట్టాలంతా ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయాక, తిరుమలగిరిలో మా ఇంటి నడిమింట్లో అత్తమ్మ గుడ్డమూట విప్పారు. అందులో ఉన్నవి చాలా తక్కువ. ఒక జత వెండి కడియాలు, అరిగిపోయిన పట్టగొలుసులు, ఇరవై ఒక్క బిళ్ళలున్న రూపాయల పేరు. అడుగున పసుపు పచ్చటి పాత గుడ్డలో ముడివేసిన ఇంకొక రూపాయి. దానికి కొండీ లేదు, రంధ్రం లేదు.

"వదినా, గీ పాత బిళ్ళలకు ఇప్పుడు లక్షలిస్తున్నరట. ఫోన్ల చూసిన" అన్నాడు మా మరిది.

"గట్ల అమ్మితే మోసపోతం. ముందుగాల గ్రేడింగు చేపియ్యాలె. అప్పుడుగానీ అసలు ధర తెల్వది" అన్నారు మా ఆయన.

మా ఆడబిడ్డ మాత్రం నోరు తెరవలేదు. అమ్మ కట్టిన ముడిని వేళ్ళతో తడుముతూ కూర్చుంది. ఆమెను ఎవరూ అడగలేదు కూడా. ఆ రోజు నుంచీ ఈ గ్రేడింగు సంగతి నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఇలాంటి మూట మీలో చాలామంది ఇళ్ళలో బియ్యం కుండలోనో, ట్రంకు పెట్టె అడుగునో ఉంటుందని నాకు తెలుసు. అందుకే నేను తెలుసుకున్నదీ, నాకు తోచిందీ మీ ముందు పెడుతున్నాను.

గ్రేడు అనే మాట మన ఆడవాళ్ళకు కొత్తేమీ కాదు. వడ్ల కొనుగోలు కేంద్రాల్లో మహిళా సంఘాల వాళ్ళే కదా ఏ గ్రేడో కామనో చూసేది, తేమ పదిహేడు శాతం దాటిందా లేదా అని మిషన్ పెట్టి చెప్పేది. నాణేలకూ అలాంటి కొలతే ఉంది. 1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్ ఒకటి నుంచి డెబ్బై వరకు అంకెలు వేసి ఒక పద్ధతి పెట్టాడు. అమెరికాలోనే 1986లో పీసీజీఎస్ అనీ, 1987లో ఎన్‌జీసీ అనీ రెండు సంస్థలు పుట్టాయి. నాణెం పంపితే అది అసలుదో నకిలీదో తేల్చి, ఎంత అరిగిందో, ఎన్ని గీతలు పడ్డాయో భూతద్దం పెట్టి చూసి, డెబ్బైకి ఇన్ని అని మార్కు వేసి, ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి సీలు వేస్తారు. అరవై, ఆపైన వస్తే చేతులు మారి అరగని నాణెం అని అర్థం. డెబ్బై అంటే అయిదు రెట్లు పెద్దది చేసి చూసినా లోపం కనబడనిది.

వినడానికి బాగానే ఉంది. మరి మా అత్తమ్మ పేరుకు ఇది పనికొస్తుందా?

హైదరాబాద్‌లో నాణేలు సేకరించే ఒక పెద్దాయన ఉన్నారని తెలిసి పేరు తీసుకెళ్ళి చూపించాను. ఆయన ముందు బిళ్ళల్ని రెండు కుప్పలుగా చూపించారు. పదమూడు కల్దార్, ఎనిమిది హాలి. ఈ మాటలు మన పెద్దవాళ్ళ నోట విన్నవే. ఇంగ్లీషు వాళ్ళ రూపాయి కల్దారు, నిజాం రూపాయి హాలి సిక్కా. ఏడు హాలీలకు ఆరు కల్దార్ల లెక్క. 1951 తర్వాత నిజాం నాణేలు కొత్తగా రాలేదు, 1959లో పూర్తిగా చెల్లకుండా పోయాయి. మా అత్తమ్మ చిన్నతనంలో సంతలో బేరం హాలీలోనే.

హాలి రూపాయి మీద చార్మినార్ ఉంటుంది. నడిమి కమాను కింద ఒక చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది, చూశారా? అది 'మీమ్' అయితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంది. 'ఐన్' అయితే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్‌ది. రాజు పేరులో మొదటి అక్షరమన్నమాట. సంవత్సరం హిజ్రీలో ఉంటుంది. 1337 అని ఉంటే మన లెక్కలో 1918-19. ఇన్నేళ్ళూ ఆ పేరును ముట్టుకున్నాను, తోమాను, కానీ ఆ అక్షరం నా కంట పడనేలేదు.

వెండి లెక్క కూడా ఆయనే చెప్పారు. కల్దార్ రూపాయి 11.66 గ్రాములు, అంటే సరిగ్గా తులం. పాత కల్దార్లలో నూటికి దాదాపు 92 పాళ్ళు వెండి. చార్మినార్ రూపాయి 11.18 గ్రాములు, దాంట్లో సుమారు 82 పాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో రెండింటిలోనూ వెండి సగానికి పడిపోయింది. ఇక 1947లో పులి బొమ్మతో వచ్చిన రూపాయిలో వెండే లేదు, అది నికెల్. అయస్కాంతం పెడితే అతుక్కుంటుంది.

ఈ లెక్క వింటుంటే నాకు కడుపులో తిప్పినట్టయింది. ఎందుకంటే ఆ పేరు మొదట ఇరవై ఒక్క బిళ్ళలది కాదు, ముప్పై రెండు బిళ్ళలది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, వానలు మొహం చాటేసిన ఏడు, బోరు వేయడానికి డబ్బు సాలక పదకొండు బిళ్ళలు తెంపారు. అవుసులాయన అన్నింటినీ ఒకే తక్కెడలో వేసి "యుద్ధం నాటి బిళ్ళలు, సగం రాగే" అని సగం వెండి ధర కట్టిచ్చాడు. వాటిలో పాత కల్దార్లు ఎన్నో, చార్మినార్ బిళ్ళలెన్నో, ఏ సంవత్సరానివో ఎవ్వరూ చూడలేదు. అన్నీ కలిసి మూసలో కరిగిపోయాయి. బోరులో నీళ్ళు పడ్డాయా అంటే అదీ లేదు. అత్తమ్మ ఆ సాయంత్రం మిగిలిన బిళ్ళల్ని మళ్ళీ దారానికి గుచ్చుకుంటూ "మెడ తేలికైంది బిడ్డా" అంది. అంతే. ఆమెను అప్పుడూ ఎవరూ అడగలేదు.

పెద్దాయన దగ్గరికే మళ్ళీ వస్తాను. గ్రేడింగుకు పంపాలా వద్దా అనేది మూడు ప్రశ్నల్లో తేలిపోతుందన్నారాయన. మొదటిది, ఇది ఏ నాణెం? రెండోది, ఇలాంటివి లోకంలో ఎన్ని మిగిలాయి? మూడోది, దీనికి ఇన్నేళ్ళలో ఏం జరిగింది?

పాతదైతే చాలు విలువైనదని మనం అనుకుంటాం. అది పొరపాటు. విక్టోరియా రాణి రూపాయిలూ, జార్జి రూపాయిలూ కోట్లలో అచ్చయ్యాయి. ఊరూరా మెడల్లో, మూటల్లో ఇప్పటికీ ఉన్నాయి. మన చుట్టుపక్కల తండాల్లో లంబాడీ అక్కచెల్లెళ్ళ నగల్లో, రవికల్లో ఎన్ని లేవు? అరుదైనవి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. 1911 నాటి జార్జి రూపాయి ఒకటి. రాజుగారి అంగీ మీది ఏనుగు బొమ్మ పందిలా ఉందని గొడవ రేగితే బయటికొచ్చిన వాటిని వెనక్కి తీసుకుని, చాలావరకు కరిగించారు. 1939 వెండి రూపాయి ఇంకొకటి. దానికి నకిలీలు కూడా బోలెడు. అలాంటి సంవత్సరం కనబడితే ఆగి, తెలిసిన వాళ్ళకు చూపించడం మంచిది. అక్కడ గ్రేడింగు నిజంగా పనికొస్తుంది. నకిలీ కాదన్న నమ్మకం కొనేవాడికి కలుగుతుంది, అమ్మేవాళ్ళకు నిలబడి బేరమాడే ధైర్యం వస్తుంది.

మూడో ప్రశ్న దగ్గరే మన ఆడవాళ్ళ నాణేలన్నీ తప్పుతాయి. రంధ్రం పొడిచినా, కొండీ అతికించినా, అతికించి తీసేసినా, రుద్ది మెరిపించినా ఆ సంస్థలు అంకె వేయవు. అసలుదే కానీ దెబ్బతిన్నది అని రాసి పంపుతాయి. మా అత్తమ్మ ఏటా ధనత్రయోదశికి చింతపండూ విభూతీ పెట్టి ఆ పేరును తళతళలాడేలా తోమేది. పాలతో కడిగి లక్ష్మీదేవి ముందు పెట్టేది. ఒక్కొక్కసారి రుద్దినప్పుడల్లా నాణెం పైపొర కొంచెం కొంచెం పోతుందట. పుట్టినప్పటి నిగనిగ ఒకసారి పోతే మళ్ళీ రాదట. మనం శుభ్రం అనుకున్నది వాళ్ళ లెక్కలో గాయం.

"అమ్మా, ఇరవై ఒక్కటిలో ఒక్కదాన్నీ పంపనక్కరలేదు. ఫీజు, రానూపోనూ ఖర్చు, బీమా అన్నీ కలిపితే వేలల్లో అవుతుంది. తిరిగొచ్చేది దెబ్బతిన్నదన్న చీటీ. మార్కు పడ్డాక పెరిగే ధర, మార్కు వేయించడానికయ్యే ఖర్చు కన్నా ఎక్కువుండాలి. లేకుంటే ఎందుకు?" అన్నారాయన. ఇంతకన్నా తేలికగా ఎవరు చెప్పగలరు? గంపెడు వడ్లు అమ్మడానికి లారీ కట్టించుకుంటామా?

ఇంకొక సంగతి కూడా ఆయన చెప్పారు, ఇది అందరూ గుర్తు పెట్టుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది. మామూలు మనుషులు దాన్ని దేశం దాటించకూడదు, అది నేరం. కాబట్టి నాయనమ్మ బిళ్ళను పోస్టులో అమెరికాకు పంపిస్తానని ఎవరన్నా అంటే ముందు దాని సంవత్సరం చూడండి. అలాగే పునాది తీస్తుంటేనో, దున్నుతుంటేనో పాతకాలపు నాణేలు దొరికితే అవి మన మూటలోవి కావు. 1878 నుంచీ ఉన్న నిధి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి.

మా మరిది ఫోన్లో చూసిన లక్షల సంగతేమిటంటారా? మా బంధువుల్లో ఒకామె అలాగే నమ్మింది. నాణెం ఫోటో పంపితే "మీది ఎనిమిది లక్షలు పలుకుతుంది, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అన్నారట. కట్టింది. తర్వాత పన్ను అన్నారు, అదీ కట్టింది. ఆ తర్వాత ఆ నంబరు పనిచేయలేదు. సంఘంలో తెచ్చిన అప్పు అది. మొగుడికి చెప్పలేక ఆరు నెలలు వడ్డీ కట్టుకుంది. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది, పాత నాణేలు కొనడం అమ్మడం తమ పని కాదు, తమ పేరు చెప్పి ఫీజులూ పన్నులూ అడిగేవాళ్ళను నమ్మవద్దని. మన దగ్గర సరుకు కొనేవాడు మనకు డబ్బివ్వాలి గానీ మననే అడగడమేమిటి? కూరగాయలమ్మే అవ్వకు తెలిసిన ఈ న్యాయం ఫోన్ పట్టుకోగానే మరిచిపోతున్నాం.

అయితే వీటన్నింటికన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మా పక్కనున్న ఫణిగిరి. తిరుమలగిరి నుంచి సూర్యాపేట వైపు వెళ్తుంటే ఆ గుట్ట వస్తుంది. దాని మీద బౌద్ధుల స్తూపం, విహారాలు. 2024 మార్చి చివరలో అక్కడి తవ్వకాల్లో ఒక మట్టికుండ బయటపడింది. దాంట్లో 3,730 సీసపు నాణేలు. ఒక పక్క ఏనుగు, ఇంకో పక్క ఉజ్జయిని గుర్తు. ఒక్కొక్కటి సగటున 2.3 గ్రాములు. ఇక్ష్వాకుల కాలానివి, అంటే సుమారు పదిహేడు వందల ఏళ్ళ కిందటివి. కుండ మూతిని లోపల పగిలిన గిన్నె అడుగుతో, పైన మూకుడుతో మూసి పెట్టారు.

సీసం! అవుసులాయన తక్కెడలో కూడా వేయడు. అన్నీ ఒకే తీరువి. మరి వాటికి అంత విలువ ఎందుకు? అవన్నీ కలిసి, దాచిన చోటే, దాచిన కుండలోనే దొరికాయి కాబట్టి. ఎవరో పట్టుకుపోయి విడివిడిగా అమ్ముకుని ఉంటే, అవి 3,730 సీసపు ముక్కలు మాత్రమే అయ్యేవి. కుండ మూసిన చేయి ఎవరిదో మనకు తెలియదు. కానీ మూత మీద మూత పెట్టిన ఆ జాగ్రత్త చూస్తే, బియ్యం కుండలో మూట దాచిన మా అత్తమ్మే గుర్తుకొచ్చింది నాకు.

అందుకే అంటున్నాను. నాణేనికి మార్కు వేసేవాడు ఒక్క బిళ్ళను చూస్తాడు. అది అతని పని, తప్పుపట్టను. కానీ మన పేరులో ఉన్నది ఒక్క బిళ్ళ కాదు. దెబ్బ అని వాళ్ళు రాసే ప్రతిదీ ఒక ఆడమనిషి బతుకులో జరిగిన పనే. ఆ కొండీ ఆమె పెళ్ళికి అతికించింది. ఆ అరుగుదల బతుకమ్మ చుట్టూ తిరిగినప్పుడల్లా బిళ్ళ బిళ్ళకు తగిలి వచ్చింది. ఆ రుద్దుడు యాభై ఏళ్ళ పండగలది. పెళ్ళిచూపుల్లో పిల్లకు రంగు తక్కువ, ఎత్తు తక్కువ అని మార్కులు వేసే లోకంలో బతికినవాళ్ళం కదా మనం. ఎవరో వేసిన అంకెతోనే విలువ వస్తుందని మనమూ నమ్మితే ఎట్లా?

అలాగని అమ్మవద్దు అని నేననను. అవసరం వస్తే అమ్మాల్సిందే. మెడలో వేసుకున్న వెండి అక్కరకు రావడానికే కదా మన పెద్దవాళ్ళు చేయించుకున్నది? పిల్ల చదువుకో, ఆపరేషనుకో అక్కరపడితే సెంటిమెంటు పట్టుకుని కూర్చోవడం అత్తమ్మలాంటి వాళ్ళకు కూడా నచ్చదు. కానీ కళ్ళు తెరిచి అమ్మండి. వెలుతురులో కూర్చుని భూతద్దంతో ఒక్కొక్క బిళ్ళ సంవత్సరం రాసుకోండి. ఒక్కొక్కటీ విడిగా తూయించండి. వెండి ఏ పాళ్ళలో ఉందో చెప్పి ధర అడగండి. తోమకండి, కొండీలు ఊడదీయకండి. ఏదన్నా సంవత్సరం అనుమానం కలిగితే దాన్ని పక్కన పెట్టి ఇద్దరు ముగ్గురికి చూపించండి. హైదరాబాద్ వెళ్ళినప్పుడు సైఫాబాద్ పాత టంకశాలలో 2022లో పెట్టిన ప్రదర్శనశాలో, పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు మ్యూజియమో ఒకసారి చూసి రండి. కన్ను అలవాటు పడుతుంది. మోసపోయే అవకాశం సగం తగ్గుతుంది.

అన్నింటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ పేరు ఎవరిది? 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే ఆడదాని ఆస్తి మీద ఆమెకు పూర్తి హక్కు ఇచ్చింది. ఆమె వీలునామా రాయకుండా పోతే కొడుకులతో పాటు కూతురికీ సమాన వాటా అంది. మా నడిమింట్లో ఆ రోజు లక్షల గురించి మాట్లాడారు, గ్రేడింగు గురించి మాట్లాడారు, కూతురు వాటా గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు. అన్నదమ్ములు చెడ్డవాళ్ళు కారు. ఆ ఆలోచనే రాలేదు, అంతే. ఆ రాకపోవడమే మన ఇళ్ళలో అసలు జబ్బు.

పసుపు గుడ్డలోని రూపాయి సంగతి చెప్పలేదు కదూ. పెద్దాయన దాన్ని చాలాసేపు చూశారు. అయిదో జార్జి కల్దారు, 1919ది. కొండీ లేదు, రుద్దలేదు, రాజుగారి కిరీటం గీతలు కూడా చెక్కుచెదరలేదు. "దీన్నొక్కదాన్ని బాగా దాచారమ్మా. కానీ ఈ ఏటివి చాలా ఉన్నాయి. మంచి మార్కు పడినా ఖర్చు రాదు" అన్నారు. నేను ఇంటికొచ్చి ఆడబిడ్డకు ఆ మాట చెప్పాను. అప్పుడు నోరు తెరిచింది. "గది అమ్మకు వాళ్ళమ్మ మొదటిసారి ఒడిబియ్యం పోసినప్పుడు ఒళ్ళ ఏసిన రూపాయి వదినా. కరువు ఏడు గుడ బయటికి తియ్యలె" అంది.

ఆ రాత్రి మా ఆయన, మరిది, ఆడబిడ్డ, నేను కూర్చుని మాట్లాడుకున్నాం. పేరును తెంపవద్దనుకున్నాం. అది ఆడబిడ్డ దగ్గర ఉండాలనీ, ఏ ఇంట్లో పెళ్ళయినా పిల్ల మెడలో ఒకరోజు వేయాలనీ అనుకున్నాం. మరిది కొంచెం గునిశాడు, తర్వాత తనే బిళ్ళల సంవత్సరాలు చదివి చెప్పాడు, నేను నోటుబుక్కులో రాశాను. కరిగిపోయిన పదకొండింటికి కూడా ఒక వరుస ఖాళీగా వదిలి పెట్టాను.

ఆడబిడ్డ కూతురికి వచ్చే ఏడు ఒడిబియ్యం పోస్తాం. ఆ కల్దారు ఆమె ఒళ్ళో పడుతుంది. మీ ఇళ్ళలోని మూటలు కూడా ఒకసారి విప్పి చూడండి. ఎంత పలుకుతాయని అడిగే ముందు, దాచినామె ఇంకా బతికి ఉంటే ఆమెను అడగండి. అవి ఎక్కడివో, ఏం చేయాలనుకుంటుందో.